అప్‌డేట్ అడిగితే ఒప్పుకోవాలా, ఆపాలా?

(తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం. సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. సంఘం పెద్దలు నన్ను సైబర్ భద్రత మీద మాట్లాడమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు, పోలీసు వాళ్లు చెప్పి చెప్పి అలసిపోయారు, వినీ వినీ మీరూ అలసిపోయి ఉంటారు. అది నేను మళ్లీ మొదలుపెట్టను. ఎవరింటికి వెళ్లినా కాఫీ చేతికిచ్చి నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సామీ, కంప్యూటర్ అప్‌డేట్ అడగతా ఉండాది, ఒప్పుకోవచ్చునా?" ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఒప్పుకోవచ్చు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లను వాటంతట అవే పడనివ్వండి. నా జవాబు ఇంతే. ఈ మాట చెప్పి దిగిపోవచ్చు గానీ, దిగిపోతే మీరు ఇంటికెళ్లి మళ్లీ ఆపేస్తారు. ఎందుకంటే అప్‌డేట్ అంటే మీలో చాలామందికి కోపం, ఆ కోపం ఊరికే రాలేదు. జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన 20వ తేదీ సాయంత్రం కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, "ఆఫ్ చేయకండి" అని. నిన్నటిదాకా పలికిన ప్రింటర్ ఇవాళ పలకదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని పిల్ల ఆన్‌లైన్ క్లాసు వింటూ ఉంటే, రోజుకిచ్చే ఒకటిన్నర జీబీ డేటా పొద్దున పదింటికే అయిపోతుంది. చూస్తే వెనకాల అప్‌డేట్ దిగుతోంది. ఇవన్నీ నిజమైన బాధలే. ఇవి లేవని చెప్పే వాళ్ల సలహా నమ్మకండి.

ఇప్పుడు రెండో వైపు. అప్‌డేట్ వేసుకోకపోతే ఏమవుతుందో మన జిల్లా చూసింది. 2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ బయటికొచ్చింది. కంప్యూటర్లో ఉన్న ఫైళ్లన్నిటినీ తెరవడానికి వీల్లేకుండా చేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తెరుస్తామని బోర్డు పెట్టేది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తగిలింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లకు వచ్చింది. అప్పటికి మనమూ చిత్తూరు జిల్లానే కదా, తిరుపతి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. అదే వారంలో టీటీడీ ఆఫీసుల్లో కొన్ని కంప్యూటర్లకూ సోకిందని పత్రికల్లో వచ్చింది. భక్తుల సేవలకు ఇబ్బంది లేదని అధికారులు చెప్పారు.

ఇక్కడ అసలు గమనించాల్సింది తేదీలను. వానాక్రై ఏ లోపం పట్టుకుని లోపలికొచ్చిందో, దానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందు. దెబ్బతిన్నవన్నీ కాలం చెల్లిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. కాదు. అత్యధికం విండోస్ 7వే, వాటికి అప్పుడు మరమ్మతులు ఇంకా వస్తూనే ఉన్నాయి. వేసుకోలేదు, అంతే. ఆఫీసుల్లో ఒకరు "తర్వాత చూద్దాం" అన్నారు, ఇంకొకరు ఆటోమేటిక్ ఆపేశారు.

"మా ఇంట్లో కంప్యూటర్లో ఏముంది సార్, పెళ్లి ఫోటోలు, పిల్లోడి ప్రాజెక్టులు. మా మీదికి ఎవరొస్తారు?" అని అడుగుతారు. మనిషి రాడు. ప్రోగ్రాం వస్తుంది. దానికి మీరెవరో తెలియదు, ఇంటర్నెట్ మీద వరసగా ఒక్కో నంబరూ తట్టుకుంటూ పోతుంది, తలుపు తెరిచి ఉన్న చోట దూరుతుంది. ఇంట్లో ఫైబర్ రౌటర్ వెనక ఉన్న కంప్యూటర్‌కు ఆ దారిన నేరుగా రావడం కష్టమే, అది ఒప్పుకోవాలి. కానీ ఇళ్లలోకి వచ్చే దారులు వేరు. బ్రౌజర్‌లో తెరిచిన పేజీ, మెయిల్లో వచ్చిన పీడీఎఫ్, జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్. ఆ పెళ్లి ఫోటోలకు ఇంకో కాపీ లేదు చూడండి, డబ్బులడిగేవాడికి కావలసింది సరిగ్గా అదే.

ఇంకో సంగతి బయట పెద్దగా చెప్పుకోరు. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతోంది. మన టైం ప్రకారం మంగళవారం బాగా పొద్దుపోయాక. అది వచ్చిన క్షణం నుంచి ఆ లోపం రహస్యం కాదు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఎక్కడ మార్చారో చూస్తే, ఇంతకుముందు ఏం తప్పుందో తెలిసినవాడికి తెలిసిపోతుంది. మంచివాళ్లూ చూస్తారు, దొంగలూ చూస్తారు. అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లు ఆ మర్నాటిని ఎక్స్‌ప్లాయిట్ వెడ్నెస్‌డే, అంటే లోపాన్ని వాడుకునే బుధవారం అని పిలుస్తారు. కాబట్టి అప్‌డేట్ ఆపుకుంటే మీ కంప్యూటర్ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుందనుకోవద్దు. దానిలో లోపం ఎక్కడుందో ఇవాళ లోకమంతటికీ తెలుసు.

సరే, మరి అప్‌డేటే కొంప ముంచితే? ముంచింది కూడా. 2018 అక్టోబర్ 2న విండోస్ 10కు ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది, 1809 అంటారు. వేసుకున్న కొందరికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లు మాయం. ఆ ఫోల్డర్లను వాళ్లు వేరే డ్రైవ్‌కు మార్చుకుని ఉన్నారు. పాత చోట మిగిలింది ఖాళీ ఫోల్డరే అనుకుని అప్‌డేట్ దాన్ని తుడిచేసింది. అందులో ఫైళ్లుంటే అవీ పోయాయి. ఫిర్యాదు చేసింది పదివేల మందిలో ఒకరి లెక్కన అని కంపెనీ చెప్పింది. ఆ ఒక్కరికి మాత్రం అన్నీ పోయాయి కదా. నాలుగు రోజుల్లో దాన్ని ఆపేశారు, సరిచేసి మళ్లీ వదిలింది నవంబర్ 13న. ముందుగా పరీక్షించిన వలంటీర్లలో కొందరు ఈ సంగతి రాసి పంపారు కూడా, పట్టించుకున్నవాళ్లు లేరు.

ఈ కథ చెప్పి అందరూ "అందుకే ఆటోమేటిక్ వద్దు" అంటారు. అక్కడే పొరబాటు. ఆ అక్టోబర్ 2న అది ఆటోమేటిక్‌గా ఎవరికీ వెళ్లలేదు. ఆటోమేటిక్ మొదలవ్వాల్సింది 9వ తేదీ నుంచి. ఈ లోపలే ఆపేశారు. మరి ఫైళ్లు ఎవరివి పోయాయి? సెట్టింగ్స్‌లోకి వెళ్లి "చెక్ ఫర్ అప్‌డేట్స్" అని తామే నొక్కినవాళ్లవి. తొందరపడి నొక్కినవాళ్లు తమకు తెలియకుండానే ముందు వరసలో నిలబడ్డారు. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లకు ఏమీ కాలేదు. (నవ్వులు) నవ్వకండి, నేను ఆటోమేటిక్‌ను నమ్మడానికి ఒక పెద్ద కారణం ఇదే. అందరికీ ఒకేసారి పంపరు. కొన్నిటికి పంపి చూస్తారు, ఫలానా మోడల్లో సౌండ్ పోతోందని తెలిస్తే ఆ మోడల్‌కు ఆపి ఉంచుతారు. ఊరికే ఉన్నవాడి వంతు చివర్లో వస్తుంది. విండోస్ 11లో కొత్తవి రాగానే నాకే ముందు ఇవ్వమనే ఒక స్విచ్ ఉంది, "గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్" అని మొదలవుతుంది. ఇంటి కంప్యూటర్లో అది ఆఫ్‌లో ఉండాలి.

అందరికీ ఒకేసారి పంపితే ఏమవుతుందో 2024 జూలై 19న తెలిసింది. విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. ఆ రోజు నుంచి మా వీధిలో ఒకాయన విండోస్ అప్‌డేట్ ఆపేశాడు. అది విండోస్ అప్‌డేట్ కాదు మహానుభావా! క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక చిన్న ఫైలు. మన టైం ప్రకారం పొద్దున 9.39కి వదిలారు, తప్పు తెలిసి 10.57కి వెనక్కి తీసుకున్నారు. ఆ గంటా పద్దెనిమిది నిమిషాల్లో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. విండోస్ కంప్యూటర్లన్నిటిలో అది ఒక్క శాతం కూడా కాదు, కానీ ఉన్నవన్నీ పెద్ద పెద్ద సంస్థల్లో. ఇళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ వాడరు కాబట్టి మన కంప్యూటర్లకు ఏమీ కాలేదు. విడతలుగా పంపకపోవడమే ఆ రోజు నష్టం అంతగా పెరగడానికి కారణం. తర్వాత వాళ్లూ విడతల పద్ధతికే మారారు.

అప్‌డేట్ పేరుతో దొంగ సరుకు వస్తే ఎలా అన్నది ఇంకో భయం. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్‌కు డిజిటల్ సంతకం ఉంటుంది. రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజులో వేలిముద్రలా అనుకోండి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు, కంప్యూటర్ దాన్ని తీసుకోదు. అసలు మోసమే జరగదా అంటే, జరిగింది. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం, మైక్రోసాఫ్ట్ సంతకాన్నే దొంగగా తయారు చేసుకుని అప్‌డేట్ వేషంలో పాకింది. పాతబడిన ఎండీ5 అనే గణిత పద్ధతిలో ఉన్న బలహీనత వల్ల అది సాధ్యమైంది, వెంటనే ఆ దారి మూసేశారు. అలాంటి పనికి దేశాల స్థాయి బలగం కావాలి. మామూలు దొంగ అంత కష్టపడడు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే ఇంకో మాల్‌వేర్ వచ్చింది చూడండి, అది ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా. చిన్న కంపెనీ, సర్వర్లకు కాపలా తక్కువ. నన్నడిగితే మీ ఇంట్లో ఆపరేటింగ్ సిస్టం కన్నా, దాని మీద మీరు ఎక్కించిన ఉచిత వీడియో కన్వర్టర్లు, డ్రైవర్ బూస్టర్లు ఎక్కువ అనుమానించాల్సినవి. వాడనివి తీసేయండి.

కంపెనీని మాత్రం నేను వెనకేసుకు రావడం లేదు. నమ్మకం పోగొట్టుకున్నది వాళ్లే. 2016లో విండోస్ 10కు మారమని ఒక పెట్టె వచ్చేది, గుర్తుందా? వద్దని మూలన ఉన్న ఎర్ర ఇంటూ నొక్కితే, దాన్ని సరే అన్నట్టు లెక్కేసుకుని అప్‌గ్రేడ్‌కు టైం పెట్టేసేది. లోకమంతా ఇంటూ అంటే వద్దని అర్థం. అలా అడక్కుండా ఎక్కిన అప్‌గ్రేడ్ వల్ల వ్యాపారం దెబ్బతిన్నదని కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంట్ కోర్టుకెళితే 10 వేల డాలర్లు ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ అప్‌డేట్ అయ్యాక ఎవరూ అడగని యాప్‌లు, ప్రకటనలు స్టార్ట్ మెనూలో కనిపిస్తాయి. భద్రత కోసం తెరిచిన తలుపులో నుంచి వ్యాపారాన్ని తోస్తే జనం తలుపే మూసేస్తారు. కోపం న్యాయమే, కానీ తలుపు మూస్తే నష్టపోయేది మాత్రం మనం. అందుకని వేరు చేసి చూడండి. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ రానివ్వండి. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్‌కు తొందర లేదు, నెలా రెండు నెలలు ఆగినా ఏం కాదు. ఆప్షనల్ అని రాసి ఉన్నవి, ప్రివ్యూ అన్నవి, ప్రింటర్ లాంటి వాటిని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు, ఇవి అవసరం పడితే తప్ప ముట్టుకోవద్దు.

మన ఊళ్లో ఇంకో తిప్పలుంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటాం, షాపులో కుర్రోడు అరగంటలో విండోస్ వేసిస్తాడు. "అప్‌డేట్లు ఆపేసినా సార్, మీకింక టెన్షన్ లేదు" అంటాడు. అది మీ మీద ప్రేమ కాదు. లైసెన్స్ లేని విండోస్‌ను ఒక యాక్టివేటర్‌తో నడిపిస్తున్నాడు, అప్‌డేట్ వస్తే అది బయటపడుతుందని భయం. ఆ యాక్టివేటర్ వేయడానికి ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఎందుకు ఆపమంటుందో ఒక్కసారి ఆలోచించండి. లైసెన్స్‌కు డబ్బులు లేకపోతే తప్పేం లేదు, విండోస్ బదులు ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం వేయించుకోండి. ఉచితం, సెక్యూరిటీ అప్‌డేట్లు రోజూ దానంతట అదే చూసుకుంటుంది, ఐదేళ్ల పాటు మరమ్మతులిచ్చే వెర్షన్లున్నాయి. బ్రౌజర్, ఉత్తరాలు, సినిమాలు, పిల్లల చదువు, అన్నీ నడుస్తాయి.

ఇంకా విండోస్ 10లోనే ఉన్నవాళ్లు చేతులెత్తండి. (సగం మందికి పైగా ఎత్తారు.) ఊహించిందే. దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. మీ కంప్యూటర్లో అప్‌డేట్ అడగడం లేదంటే హాయిగా ఉందని అర్థం కాదు. ఇళ్లలో వాడేవాళ్లకు పొడిగింపు పథకం ఒకటి పెట్టారు, 2026 అక్టోబర్ 13 దాకా. 30 డాలర్లు కట్టవచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే డబ్బు అక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని లింకు కనిపిస్తుంది. విండోస్ 11కు పోవాలంటే టీపీఎం 2.0 అనే చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ అయితే చాలావరకు ఎనిమిదో తరం నుంచి. లేనివాళ్లకు మళ్లీ ఉబుంటు మాటే చెబుతాను.

ఇక ఇంటికెళ్లి చేయాల్సిన పనులు. యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది, మీరు పనిచేసే గంటలు అందులో పెట్టండి, 18 గంటల దాకా పెట్టవచ్చు, ఆ గంటల్లో తనంతట తాను రీస్టార్ట్ కాదు. హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఆ వైఫై ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్లు దాని మీద దిగవు. కానీ వారానికోసారైనా మంచి వైఫై దగ్గర కూర్చోబెట్టాలి. కరెంటు సంగతి. ఎస్పీడీసీఎల్ హెడ్ ఆఫీసు మన ఊళ్లోనే ఉందని ఎండాకాలం కరెంటు పోకుండా ఉంటుందా? (నవ్వులు) డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే గాలివాన సాయంత్రాలు రీస్టార్ట్ నొక్కకండి. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి వదలండి.

దీన్ని మాత్రం రాసుకోండి. ఈమధ్య కొన్న ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లన్నిటికీ వేసే తాళం, మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. 2024 జూలైలో వచ్చిన అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు నీలం తెర మీద ఆ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగాయి. 48 అంకెలు. ఆ అంకెలు లేకపోతే ఏ షాపువాడూ, ఏ ఇంజినీరూ మీ ఫైళ్లు తీయలేడు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్లో డివైసెస్ కింద మీ కీ ఉంటుంది. ఈ రాత్రే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ అకౌంట్ షాపువాడి మెయిల్‌తో తెరిచి ఉంటే కీ కూడా వాడి దగ్గరే ఉంటుంది, అదీ చూసుకోండి.

బ్యాకప్ గురించి ఒక్క మాటే. బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని, నెలకోసారి ఫోటోలు, కాగితాలు అందులోకి కాపీ చేసి, పని కాగానే తీగ పీకేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా తినేస్తుంది. అప్‌డేట్‌ను నేను నిబ్బరంగా పడనిస్తున్నానంటే ఆ డిస్క్ ఉండబట్టే.

ప్రశ్నలుంటే అడగండి.

*మా అబ్బాయి అమెరికా నుంచే మా కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌లో వచ్చి అప్‌డేట్లు ఆపేశాడు. ఇప్పుడెట్ల సార్?*

ఎలా ఆపాడో కనుక్కోండమ్మా. "పాజ్" నొక్కి ఉంటే భయం లేదు, ఐదు వారాలకు మించి అలా ఉండదు, తర్వాత మళ్లీ దానంతట అదే మొదలవుతుంది. పరీక్షలప్పుడు, రిటర్నులప్పుడు మీరూ వారం పాజ్ పెట్టుకోవచ్చు. సర్వీసెస్‌లోకి వెళ్లి పూర్తిగా డిసేబుల్ చేసి ఉంటే మాత్రం తిరిగి పెట్టమనండి. అప్‌డేట్ పడ్డాక ఏదైనా చెడితే అప్‌డేట్ హిస్టరీలో అన్ఇన్‌స్టాల్ ఉంది. కొత్త వెర్షన్ అయితే పది రోజుల లోపల "గో బ్యాక్" పనిచేస్తుంది.

*నాకు డీటీపీ షాపుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అప్‌డేట్ అయితే పనంతా ఆగిపోతుందని భయం.*

మీ భయం న్యాయం. పేజ్‌మేకర్‌కు అడోబీ కొత్త వెర్షన్లు ఆపి ఏళ్లయింది, ఏ అప్‌డేట్‌కు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. దాని కోసం ఒక పాత కంప్యూటర్‌ను విడిగా పెట్టేయండన్నా, దానికి నెట్ తీగే వద్దు. మెయిల్, వాట్సాప్, యూపీఐ, కస్టమర్ పెన్‌డ్రైవ్‌లు తెరవడం అన్నీ అప్‌డేట్ అయ్యే ఇంకో కంప్యూటర్లో. అక్కడ స్కాన్ చేసిన ఫైలునే ఇటు తేవాలి. ఒకే కంప్యూటర్లో రెండూ కావాలంటే కుదరదు, అది నేను ఒప్పుకోను.

*నెట్ చూస్తూ ఉంటే మధ్యలో "మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేయండి" అని వస్తుంది. అదీ నొక్కాలా?*

నొక్కకూడదు. వెబ్ పేజీలో వచ్చేది ఏదీ అప్‌డేట్ కాదు. ఫోన్ చేసి "మైక్రోసాఫ్ట్ నుంచి" అనేవాడూ, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే అనే ఫోన్ యాప్ ఫైలూ అంతే. నిజమైన అప్‌డేట్ విండోస్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, బ్రౌజర్‌దైతే పైన మూడు చుక్కల మెనూలో ఉంటుంది. ఈమధ్య ఇంకో రకం వస్తోంది. మీరు రోబో కాదని నిరూపించుకోండి అంటూ విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కమంటుంది, తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమంటుంది. అలా చేస్తే వాడిచ్చిన ఆజ్ఞను మీ చేత్తో మీరే నడిపినట్టు. పేజీ మూసేయండి. మూసుకోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్లో బ్రౌజర్ పేరు మీద ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని అడిగితే వద్దనండి.